సగం విరిగిన ముందు పన్ను, ఆరు వారాల్లో కూతురి పెళ్లి

సూర్యాపేట జిల్లా నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. ఆమెకు 49 ఏళ్లు, ఇంట్లోనే మిషన్ కుడతారు. ఏడేళ్ల కిందట పైవరుసలో ముందు పన్నొకటి నొప్పి పెడితే రూట్ కెనాల్ చేయించుకున్నారు. క్యాప్ కూడా వేయించుకోమని డాక్టర్ చెప్పినా, నొప్పి తగ్గిపోయింది కదా అని మళ్లీ వెళ్లలేదు. మొన్న సంక్రాంతికి సకినం కొరికితే ఆ పన్ను కాస్తా విరిగింది. గోరంత ముక్క మిగిలింది. పక్క రెండు పళ్లూ బాగున్నాయి. కింద ఎడమవైపు దవడ పన్నొకటి ఆరేళ్ల కిందటే పీకించుకున్నారు, ఆ ఖాళీ అలాగే ఉంది. షుగర్ ఉంది. ఈమధ్య పరీక్ష చేయిస్తే హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగర్ సగటు) 8.6 వచ్చింది. బ్రష్ చేసినప్పుడల్లా చిగుళ్ల నుంచి రక్తం కారుతోంది. కూతురి పెళ్లికి ఇంకా ఆరు వారాలే ఉంది.

టౌన్‌లో డాక్టర్‌కు చూపిస్తే, మిగిలిన ముక్క తీసేసి, పక్క రెండు పళ్లను ఆధారం చేసుకుని బ్రిడ్జి వేస్తాను, పదిరోజుల్లో అయిపోతుంది, 18 వేలు అన్నారు. హైదరాబాద్‌లో చూపిస్తే ముందొకటి, వెనకొకటి రెండు ఇంప్లాంట్లు (ఎముకలో బిగించే స్క్రూ పళ్లు) వేయాలి, 90 వేలు అన్నారు. ఆడబిడ్డ మాత్రం, అంగట్లో పళ్లు కట్టే అతను గంటలో ఫిక్స్‌డ్ పన్ను పెట్టేస్తాడు, పదిహేను వందలతో పోతుంది అంటున్నారు. స్క్రూ పళ్లు ఇప్పుడొచ్చిన వ్యాపారం, ఈ వయసులో ఎందుకు అని భర్త అంటున్నారు. పైపన్ను పీకిస్తే కళ్లు దెబ్బతింటాయని అత్తగారి భయం. ఉత్తరం చివర ఆమె ఇలా రాశారు: "మాట్లాడితే గాలి పోతున్నది. బ్లౌజు కొలతలకు వచ్చినోళ్ల ముందు తల వంచుకొనే మాట్లాడుతున్న. బిడ్డ లగ్గంల ఫొటోలన్నిట్ల నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నిలబడాల్నా? అట్లని పెళ్లి ఖర్చుల మధ్యల నా పళ్లకు ఇంత డబ్బు అడగాల్నంటే నోరు రావట్లేదు."

అమ్మా, ముందు ఒక్కమాట. పెళ్లిలో మీరు కొంగు అడ్డం పెట్టుకోనక్కర్లేదు. చివరికి మీరు ఏ వైద్యం ఎంచుకున్నా సరే, ఆరు వారాల్లో చూడటానికి బాగుండే పన్ను ఒకటి మీ నోట్లో ఉండేలా చేయడం ఏ డాక్టర్‌కైనా కష్టం కాదు. ఆ టెన్షన్ పక్కన పెడితే మిగతాది నిదానంగా ఆలోచించుకోవచ్చు. పెళ్లి తొందరలో తీసుకునే నిర్ణయం మాత్రం ఆ తర్వాత పదిహేనేళ్లు మీ నోట్లో ఉంటుంది. అందుకే పెళ్లికి కావలసిన పన్నునూ, జీవితానికి కావలసిన పన్నునూ వేరువేరుగా చూడమంటాను. అలాగే ముందు పన్ను సంగతి వేరు, వెనక పన్ను సంగతి వేరు. రెండూ ఒకేసారి, ఒకే పద్ధతిలో తేల్చేయాలన్న నియమం ఏమీ లేదు.

అంగట్లో అతని సంగతి మొదట చెప్పేస్తాను. మీరు అడిగిన దారుల్లో నేను గట్టిగా వద్దనేది అదొక్కటే. అక్కడ చేసేది ఏమిటంటే, ఒక పొడినీ ద్రవాన్నీ కలిపి గులాబీ రంగు ముద్ద చేస్తారు. అందులో రెడీమేడ్ పన్ను గుచ్చి, మీ చిగురు మీదే ఆనించి గట్టిపడనిస్తారు. ఊడకుండా పక్క పళ్లకు సన్నటి తీగ చుడతారు. చూడటానికి ఆ రోజు బాగానే ఉంటుంది. కానీ ఆ ముద్ద కిందికి బ్రష్ పోదు, నీళ్లు పోవు, మెతుకులు మాత్రం పోతాయి. కొన్ని నెలలకు చిగురు వాస్తుంది, ఆధారంగా కట్టిన మంచి పళ్లు కదలడం మొదలవుతుంది. అలాంటివాటిని డ్రిల్‌తో ముక్కలు ముక్కలుగా కోసి తీయాల్సి వస్తుంది. తీసేటప్పుడు వచ్చే వాసన, కింద పచ్చిపుండులా ఉండే చిగురు చూసినవాళ్లు ఎవరూ ఆ పని చేయించుకోమని ఇంకొకరికి చెప్పరు. షుగర్ ఉన్న మీకు ఆ నష్టం ఇంకా త్వరగా జరుగుతుంది. పదిహేను వందలతో మొదలై రెండు మూడు పళ్లతో పోయే బేరం అది.

ఇక ముందు పన్ను. మీ ఉత్తరం చదివితే ఇద్దరు డాక్టర్లూ దాన్ని పీకడం ఖాయం అన్నట్టే మాట్లాడారు. వాళ్లు నోట్లో చూసి చెప్పారు, నేను ఉత్తరం చదివి చెబుతున్నాను, కాబట్టి తప్పు పట్టను. కానీ ఒక ప్రశ్న మీరు తప్పకుండా అడగాలి: "ఈ వేరును నిలబెట్టడానికి వీలుందా, లేదా? లేకపోతే ఎందుకు లేదు?" పన్ను విరిగినంత మాత్రాన వేరు పాడైనట్టు కాదు. చిన్న ఎక్స్‌రే ఒకటి తీస్తే వేరు పొడవు, చుట్టూ ఎముక, వేరు కొసన చీము ఉందా అన్నవి చాలావరకు తెలుస్తాయి.

వేరు బాగుంటే అందులో సన్నటి ఫైబర్ పుల్ల (పోస్టు అంటారు) దించి, దానిపై గట్టి సిమెంటుతో పన్ను ఆకారం కట్టి, క్యాప్ వేస్తారు. ఇది నిలవాలంటే ఒక షరతు ఉంది. చిగురు అంచు దాటి చుట్టూ ఇంచుమించు రెండు మిల్లీమీటర్ల సొంత పన్ను మిగిలి ఉండాలి. రోకలి చివర ఇనప పొన్ను ఎందుకు వేస్తారో మీకు తెలుసు, దెబ్బ పడ్డప్పుడు కర్ర చీలిపోకుండా అది పట్టి ఉంచుతుంది. క్యాప్ అంచు మిగిలిన పన్నును అలాగే చుట్టి పట్టుకోవాలి. పట్టుకోవడానికి పన్నే లేకుండా పోస్టు మీద మాత్రమే క్యాప్ నిలబెడితే, అది ఊడటమో వేరు చీలడమో జరుగుతుంది. కాబట్టి మీరు గోరంత అని రాసిన ఆ ముక్క ఎంత ఉంది, చుట్టూ ఉందా ఒక పక్కనే ఉందా అన్నదాని మీదే కథంతా నడుస్తుంది.

కొంచెం తక్కువ పడితే కూడా దారులున్నాయి. చిగురునూ కింది ఎముకనూ కాస్త సవరించి పన్నును బయటికి తేవచ్చు. అయితే ముందు పన్ను దగ్గర అలా చేస్తే ఆ ఒక్క పన్నే పొడుగ్గా కనిపిస్తుంది. మీరు నవ్వితే చిగురు కనిపిస్తుందా లేదా అని అద్దంలో చూసుకోండి. కనిపించకపోతే ఇబ్బంది లేదు. ఇంకో పద్ధతిలో పక్క పళ్లకు తీగ కట్టి వేరును మెల్లగా కిందికి లాగుతారు. కొన్ని వారాల నుంచి కొన్ని నెలలు పడుతుంది, తాత్కాలిక పన్ను పెట్టుకుని కూతురి పెళ్లి జరిపించేయొచ్చు, పని ఆ తర్వాత పూర్తవుతుంది. ఒకటి గుర్తుంచుకోండి. పన్ను విరిగి వారాలు గడిచాయి కాబట్టి పాత రూట్ కెనాల్‌లోకి లాలాజలం దిగి ఉండొచ్చు. దాన్ని మళ్లీ శుభ్రం చేసి నింపాలని డాక్టర్ అంటే అది అనవసరపు ఖర్చు అనుకోకండి.

నేను వేరు నిలబెట్టే ప్రయత్నం వైపు ఎందుకు మొగ్గుతున్నానంటే, అది విఫలమైనా బ్రిడ్జి, ఇంప్లాంట్ దారులు చాలావరకు తెరిచే ఉంటాయి. తిరిగి రాలేని పని మొదట చేయకూడదు. అలాగని బలవంతం కూడా లేదు. వేరు నిలువునా చీలి ఉంటే, చిగురు మీద చీము పొక్కు పదేపదే వస్తుంటే, లేదా విరుపు చిగురు లోపలికి బాగా దిగి ఉంటే తీసేయడమే మేలు. అప్పుడు మీ అత్తగారికి చెప్పండి, పన్ను నరం వేరు, చూపు నరం వేరు, పైపన్ను తీస్తే కళ్లు పోవు. మీ కళ్లకు అసలు ప్రమాదం అదుపులో లేని షుగర్‌తోనే.

పన్ను తీయాల్సి వస్తే ఆ ఖాళీని నింపడానికి నాలుగు దారులు. అన్నిటికన్నా తేలికైనది తీసి పెట్టుకునే ఒక్క పన్ను సెట్టు. ముందే అచ్చు తీసుకుని తయారు చేయిస్తే, పన్ను తీసిన రోజే పెట్టి పంపించొచ్చు. ఖర్చు తక్కువ, పక్క పళ్లను ముట్టుకోరు. అంగిలికి ప్లాస్టిక్ పలక ఆని ఉంటుంది కాబట్టి మొదట్లో వాంతి వచ్చినట్టుంటుంది, త, ద, స అక్షరాలు తడబడతాయి. ఇంట్లో శుభలేఖ తీసుకుని రోజూ రెండుమూడు సార్లు గట్టిగా చదవండి, వారంలో నాలుక దారికొస్తుంది. శాశ్వతంగా ఇదే ఉంచుకోమని నేను అనను గానీ, పెళ్లి గడిపేయడానికి ఇంతకన్నా నష్టం లేని పద్ధతి లేదు.

రెండోది, చాలామందికి చెప్పని పద్ధతి. ఒక పన్నుకు వెనక సన్నటి రెక్క తయారు చేసి, ఆ రెక్కను పక్క పన్ను లోపలివైపు అంటిస్తారు. మేరీల్యాండ్ బ్రిడ్జి అంటారు. అరగదీయడం దాదాపు ఉండదు. మీ పక్క పన్ను గట్టిగా, కదలకుండా ఉంటే, కింది పళ్లు దానికి మరీ గట్టిగా తగలకపోతే ముందు పళ్లకు చక్కగా పనిచేస్తుంది. ఎప్పుడో ఒకసారి ఊడొచ్చు, ఊడితే మళ్లీ అంటిస్తారు. మీ టౌన్ డాక్టర్‌ను దీని గురించి ప్రత్యేకంగా అడగండి.

మూడోది ఆయన చెప్పిన మామూలు బ్రిడ్జి. ఇటొకటి అటొకటి పళ్లను చుట్టూ ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటరు మేర అరగదీసి, మూడు పళ్లు కలిసున్న ముక్కను తొడుగుతారు. త్వరగా అవుతుంది, అందంగా ఉంటుంది, సిమెంటు వేసి బిగిస్తారు కాబట్టి తీసి పెట్టే బాధ లేదు. బాగా చూసుకుంటే పది, పదిహేనేళ్లు వస్తుంది. కానీ పక్క రెండు పళ్లూ బాగున్నాయని మీరే రాశారు. పన్ను గట్టి పైపొర, ఎనామిల్, ఒకసారి పోతే మళ్లీ పుట్టదు. ఆ పళ్లలో దేనికైనా తర్వాత రూట్ కెనాల్ అవసరం పడొచ్చు, క్యాప్ అంచు కింద పుచ్చితే బయటికి తెలియకుండానే పెరగొచ్చు, అప్పుడు బ్రిడ్జి మొత్తం తీయాలి. అదే పక్క పళ్లకు ముందే పెద్ద సిమెంటు ఫిల్లింగులు గానీ, క్యాప్‌లు గానీ ఉంటే నేనే బ్రిడ్జి వేయించుకోమనేదాన్ని. ఒక పన్ను కోసం రెండు మంచి పళ్లను కోయడం మాత్రం ఆఖరున ఆలోచించాల్సిన మాట.

నాలుగోది ఇంప్లాంట్. ఇప్పుడొచ్చిన వ్యాపారమని మీవారు అన్నది నిజం కాదు. ఎముకలో పెట్టిన టైటానియం ఎముకతో కలిసిపోతుందని స్వీడన్‌కు చెందిన బ్రోనెమార్క్ 1950లలో కుందేళ్ల మీద పరిశోధన చేస్తూ గమనించారు. 1965లో ఆయన మొదటి రోగికి పెట్టిన ఇంప్లాంట్లు ఆ రోగి 2006లో చనిపోయే వరకు పనిచేశాయి. పక్క పళ్ల జోలికి వెళ్లకుండా సొంత పన్నుకు దగ్గరగా ఉండేది ఇదే. కానీ ఇంప్లాంట్ పుచ్చదు అంటే పాడవదని కాదు. దాని చుట్టూ కూడా చిగురు వాస్తుంది, ఎముక కరుగుతుంది. 8.6 షుగర్‌తో, రక్తం కారే చిగుళ్లతో ఈ నెలలోనే ఇంప్లాంట్ వేయించుకోమని నేను చెప్పలేను. పుండు మానడం ఆలస్యమవుతుంది, ఎముక పట్టుకోకపోయే అవకాశం పెరుగుతుంది. పైగా పై దవడలో ఎముక పట్టుకోవడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది, కాబట్టి ఇప్పుడు వేసినా అసలు పన్ను పెళ్లికి అందదు. ఇది వద్దన్నట్టు కాదు, ఎండాకాలం దాటాక ఆలోచించమన్నట్టు. ఒక్క సంగతి చూసుకోవాలి, పన్ను తీశాక మొదటి ఏడాదిలోనే ఎముక బాగా కరుగుతుంది. ఇంప్లాంట్ వైపు మనసుంటే, పన్ను తీసే రోజునే ఎముకను కాపాడే పద్ధతి గురించి డాక్టర్‌తో మాట్లాడాలి. ఎముకల బలానికి వారానికో మాత్రో, ఏడాదికో ఇంజెక్షనో వాడుతుంటే పన్ను పీకక ముందే చెప్పాలి. ఆ మందుల్లో కొన్నిటి వల్ల దవడ ఎముక మానడం కష్టమవుతుంది. గుండెకు రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే కూడా చెప్పండి, మీ అంతట మీరు ఆపకండి.

ఇక వెనక దవడ పన్ను. దానికి తొందర లేదు గానీ, మరీ నిర్లక్ష్యమూ పనికిరాదు. ఆరేళ్లలో ఖాళీ వెనకున్న పన్ను ముందుకు వాలి ఉంటుంది, పైనున్న పన్ను ఖాళీలోకి కిందికి దిగి ఉంటుంది. నాలుక పెట్టి చూస్తే మీకే తెలుస్తుంది. అందుకే ఇప్పుడు అక్కడ పన్ను పెట్టడం ఆరేళ్ల కిందట పెట్టినంత సులువు కాదు. వాలిన పన్ను మీద బ్రిడ్జి వేస్తే దాన్ని ఎక్కువగా కోయాలి, ఇంప్లాంట్ వేయాలన్నా దిగిన పైపన్నును సరిచేసి జాగా చేయాలి. కింది దవడ ఎముక లోపల నరం ఉంటుంది కాబట్టి స్కాన్ తప్పదు. వెనక ఒక్క పన్నుకు చిన్న సెట్టు చేయిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, జారి గొంతులో పడే ప్రమాదం ఉంది. సెట్టే కావాలంటే అటు వైపు దాకా వచ్చే మెటల్ సెట్టు చేయించుకోవాలి.

అసలు ఏమీ పెట్టించుకోకపోవడం కూడా ఒక దారే. కుడివైపు బాగా నమలగలుగుతున్నారా, మిగతా పళ్లు ఎన్ని ఉన్నాయి, పైపన్ను ఇంకా దిగుతోందా అన్నవి చూసి నిర్ణయించాలి. 20 సొంత పళ్లు నోట్లో ఉంటే మనిషి ఇబ్బంది లేకుండా తినగలడని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా లెక్క పెట్టుకుంది. మీకు అంతకన్నా ఎక్కువే ఉన్నాయి. కాబట్టి 90 వేల లెక్కలోంచి వెనక పన్నును ప్రస్తుతానికి తీసేయండి, ఆరు నెలలకోసారి చూపించుకుంటూ ఉండండి.

ఇవన్నీ ఒక ఎత్తు, చిగుళ్లు ఒక ఎత్తు. క్యాప్ అయినా బ్రిడ్జి అయినా ఇంప్లాంట్ అయినా రక్తం కారే చిగురు మీద నిలవదు. మొట్టమొదట చేయించాల్సింది క్లీనింగ్. మీకు చిగురు లోపలి దాకా చేసేది అవసరం కావచ్చు. క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయని అందరూ అంటారు. ఏళ్లుగా పేరుకున్న గార పళ్ల మధ్య సందులు నింపేసి ఉంటుంది, అది పోగానే సందులు బయటపడతాయి, వాచిన చిగురు తగ్గుతుంది, దాంతో వదులైనట్టు అనిపిస్తుంది. పళ్లను వదులు చేసేది ఆ గారే. చిగుళ్ల జబ్బు తగ్గితే షుగర్ అదుపు కూడా కాస్త మెరుగవుతుంది. మీ షుగర్ డాక్టర్‌ను ఈ వారమే కలవండి. హెచ్‌బీఏ1సీ గత రెండు మూడు నెలల సగటు, ఇప్పుడు మొదలుపెడితే పెళ్లి పనులు ముగిసేసరికి ఆ అంకె మారుతుంది.

డబ్బు విషయం. పెళ్లికూతురి తల్లి తన నోటికి డబ్బు అడగడానికి సిగ్గుపడాల్సిన పని లేదు. మిషన్ మీద వచ్చేది మీ సంపాదనే. మీవారితో 90 వేల మాట ఎత్తకండి, అది ఇప్పుడు కావలసిన మొత్తం కాదు. పెళ్లిలోపు ఎక్స్‌రే, క్లీనింగ్, వేరు బాగుంటే పోస్టు, క్యాప్, లేకపోతే పన్ను తీసి సెట్టు, ఇంతే. రెండు దారులకూ విడివిడిగా ఎంతవుతుందో డాక్టర్‌ను కాగితం మీద రాసిమ్మనండి, ఆ కాగితం ఇంట్లో చూపించండి. ఇంప్లాంట్ లెక్క అడిగినప్పుడు స్క్రూకు ఎంత, పైన క్యాప్‌కు ఎంత, ఎముక పొడి వేస్తే ఎంత అని విడగొట్టి రాయించుకోండి. 90 వేలలో ఏమేం కలిసి ఉన్నాయో మీ ఉత్తరంలో లేదు, బహుశా వాళ్లు చెప్పి ఉండరు. ఆరోగ్య బీమాల్లో చాలావాటికి, ప్రమాదంలో తప్ప, పళ్ల వైద్యం వర్తించదు, దాని మీద ఆశ పెట్టుకోకండి.

మీకు నార్కెట్‌పల్లి డెంటల్ కాలేజీ దగ్గరే, హైవే మీద బస్సు దిగితే చాలు. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. ఆంధ్రలో ఉన్న పాఠకులకు విజయవాడలో, కడపలో ప్రభుత్వ కాలేజీలున్నాయి. కాలేజీల్లో ఖర్చు తగ్గుతుంది, ప్రొఫెసర్ల పర్యవేక్షణ ఉంటుంది, వేరు నిలుస్తుందా లేదా అన్నదాని మీద రెండో అభిప్రాయానికి చాలా మంచిచోటు. కాకపోతే నాలుగైదుసార్లు తిరగాలి, పెళ్లి పనుల్లో అది కుదురుతుందో లేదో మీరే చూసుకోవాలి. అక్కడ వీలుకాకపోతే పెళ్లి పన్ను టౌన్‌లో చేయించుకుని, మిగతాది తర్వాత కాలేజీలో చేయించుకున్నా తప్పులేదు.

మిషన్ పనివాళ్ల నోరు చూడగానే నాకు తెలిసిపోతుంది. ముందు పళ్ల అంచున దారం కొరికి కొరికి చిన్న గాడి పడి ఉంటుంది. పెదాల మధ్య గుండుసూదులు పట్టుకునే అలవాటు మీకూ ఉండే ఉంటుంది. కొత్త పన్ను ఏదైనా సరే, దారం కత్తెరతోనే, సూదులు మెడలో వేసుకునే దిండు మీదే. అరిసైనా సకినమైనా తుంచుకుని పక్క పళ్లతో నమలండి. సెట్టు పెట్టుకుంటే రాత్రి తీసి చల్లటి నీళ్లలో ఉంచండి, వేడినీళ్లలో వంకర పోతుంది. కడిగేటప్పుడు కింద నీళ్ల గిన్నె పెట్టుకోండి, చేయి జారినా విరగదు. పెళ్లికి పది రోజుల ముందే పన్ను చేతికందేలా డాక్టర్‌కు తేదీ చెప్పండి, ఎక్కడైనా గుచ్చుకుంటే సరిచేయించుకునే వ్యవధి ఉంటుంది.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు షుగర్ రిపోర్టు, మీరు వాడే మందుల చీటీలు, పాత రూట్ కెనాల్ ఎక్స్‌రే దొరికితే అదీ పట్టుకెళ్లండి. విరిగిన పన్ను ముక్క ఇంట్లో ఉంటే అది కూడా. ఆ ముక్కనే పక్క పళ్లకు అంటించి తాత్కాలికంగా వాడుకోవచ్చు, రంగు, ఆకారం అచ్చం మీదే. వేరు గురించి ఏం చెప్పారో నాకు రాయండి. ఆ మాట తేలేదాకా పక్క పళ్లను అరగదీయనివ్వకండి.